నౌమాన్ పేరు మీద బుచ్చన్న

నాకు ముక్కు మీద కోపం. ముందే చెప్పేస్తే నయం, ఎందుకంటే బుచ్చన్న విషయంలో నేను చేసిన తప్పుల్లో సగం ఆ కోపం వల్ల చేసినవే. మిగతా సగం వెటకారం వల్ల. మాది రాజోలు దగ్గర. గోదావరి నీళ్లు తాగినవాడికి వెటకారం ఎక్కడిదని ఎవరూ అడగరు లెండి.

నా పేరు రత్నరాజు. సౌదీలోని జెద్దాలో, ఓడల మీద వచ్చే సరుకుకి కాగితాలు రాసే ఒక ఆఫీసులో గుమస్తాని. పాతబస్తీ బలద్‌లో ఓ మేడ మూడో అంతస్తులో ఐదు మంచాల గది మాది. నేను చేరిన రోజున ఐదు మంచాల మీదా మనుషులుండేవారు. తర్వాత ఒకడు రియాద్ పోయాడు, ఒకడు ఇంటికి పోయాడు, ఒకడు షరఫియా పేటలో తన ఊరివాళ్ల గదిలోకి మారిపోయాడు. చివరికి ఇద్దరం మిగిలాం, నేనూ బుచ్చన్నా. మూడు మంచాల మీద పరుపులు చుట్టిపెట్టి ఉండేవి. గదిలో దగ్గు వినిపిస్తే ఎవరిదా అని తల తిప్పక్కర్లేదు, నాది కాకపోతే ఆయనదే.

బుచ్చన్నది మెట్‌పల్లి దగ్గర పల్లె. యాభై ఆరేళ్లు. ఇరవై రెండేళ్ల కిందట ఈ దేశం వచ్చాడు. రాబిగ్ అనే ఊళ్లో రిఫైనరీ పనులు జోరుగా సాగే రోజుల్లో ఆకాశమంత ఎత్తున ఇనప గొట్టాలు కట్టి మంచెలు లేపే పని చేశాడు. ఆ పని అయిపోయాక బలద్‌లో ఒక హోల్‌సేల్ కొట్టులో పెట్టెలు మోయడానికి కుదిరాడు. భార్య పోచవ్వ పోయినప్పుడు సెలవు కాగితం చేతికొచ్చేసరికి అక్కడ దినాలు కూడా అయిపోయాయి. ఇంక పోయి ఏం చేస్తానని ఉండిపోయాడట. కూతురు కావ్య నిజామాబాదులో కాపురం. నెలకొకసారి ఫోన్‌లో మాట రికార్డు చేసి పంపేది, నాయనా మంచిగున్నవా, మేం మంచిగున్నం అని. అంతే ఉండేది. ఆయన దాన్ని నాలుగుసార్లు వినేవాడు. ఆ పిల్లని నేను తప్పుపట్టను. ఊహ తెలిసిన దగ్గర్నుంచి దానికి తండ్రి అంటే ఫోనే.

నేను ఆయన్ని బుచ్చన్న గారూ అని పిలిచేవాణ్ని. అన్న మీద మల్ల గారేంది తమ్మీ, బువ్వ మీద అన్నం పెట్టినట్టు, అని నవ్వేవాడు. నలభై రెండేళ్లవాణ్ని పట్టుకుని తమ్మీ అంటాడేమిటని మొదట్లో నాకు ఒళ్లు మండేది. తర్వాత్తర్వాత ఆ మాట వినడానికే ఏదో ఒకటి అడిగేవాణ్ని.

ఆయన పనిచేసే కొట్టులో అమ్మేదంతా మక్కా యాత్రికుల సామానే. జపమాలలు, నమాజు చాపలు, వేలికి తొడుక్కుని నొక్కితే లెక్క చూపే బుల్లి మరలు, అన్నిటికన్నా ఎక్కువగా ఇహ్రాం బెల్టులు. యాత్రకి వెళ్లే మగవాళ్లు కుట్టు లేని రెండు తెల్లబట్టలు కట్టుకుంటారు, దాన్ని ఇహ్రాం అంటారు. ఆ బట్టలకి జేబులుండవు. పాస్‌పోర్టూ ఫోనూ పెట్టుకోవడానికి నడుముకి అరలున్న బెల్టు కావాలి. ఆ బెల్టులన్నీ చైనాలో తయారై ఓడెక్కి జెద్దా రేవుకి వస్తాయి. మక్కా పొలిమేర దాటడానికి వీల్లేని మెట్‌పల్లి హిందువు ఒకడు, మక్కా ఏ దిక్కున ఉందో తెలియని చైనా మనిషి ఒకరు, ఇద్దరూ కలిసి హాజీల నడుములు కట్టారు. తలచుకున్నప్పుడల్లా నాకు నవ్వొచ్చేది.

కొట్టు నడిపేది నౌమాన్, పాకిస్తాన్‌లోని ముల్తాన్ నుంచి వచ్చినవాడు. అసలు యజమాని, మేమంతా కఫీల్ అనే సౌదీ పెద్దమనిషి, ఏడాదికి రెండుసార్లు కనిపిస్తే గొప్ప. రెండువేల పంతొమ్మిదిలో నౌమాన్ సరుకు నేరుగా తెప్పించుకోవాలని కొట్టు ఫోన్‌లో ఒక చైనా యాప్ పెట్టాడు. మనం ఏ భాషలో రాసినా అవతలివాళ్లకి చైనా భాషలో కనిపిస్తుంది, వాళ్లు రాసింది మనకి మన భాషలో కనిపిస్తుంది. నౌమాన్‌కి ఓపిక నాస్తి. పెట్టెలు విప్పేది బుచ్చన్న, ఏ పట్టీ ఊడిందో ఏ జిప్పు తుప్పుపట్టిందో ఎరిగింది ఆయనే, కాబట్టి నువ్వే మాట్లాడుకో అని ఫోను ఆయన చేతిలో పెట్టేశాడు. ఒకటే షరతు. మాట్లాడేది పెట్టెలు మోసేవాడని అవతల తెలియకూడదు, తెలిస్తే బేరంలో లోకువైపోతాం. ఆ ఫోన్‌లో నువ్వు నౌమాన్‌వి, అన్నాడు.

ఆ మొదటి పొద్దు నాకు బాగా గుర్తుంది. ఇక్కడ ఆరున్నర అయితే అక్కడ పదకొండున్నర, అందుకని వాళ్లతో మాటలన్నీ పొద్దున టీ వేళకే. నేను గడ్డం గీసుకుంటున్నాను. బుచ్చన్న మూడో తరగతి దాకా చదివాడు, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటాడు. ఫోను చూసుకుంటూ చూసుకుంటూ ముఖం పాలిపోయి నా దగ్గరకొచ్చాడు. మొదటి మాటే బంద్ అని రాసిన్రు తమ్మీ, కార్ఖానా బంద్ పెట్టినట్టున్నరు, నౌమాన్ నన్ను చంపుతడు, అని గోల.

చూస్తే ఏముంది, "బంధు, శుభోదయం. మీ నడుము ఎంత?" అని ఉంది.

బ్లేడు పక్కన పెట్టి నవ్వాను. నురగ అంతా చొక్కా మీద పడింది. "బంద్ కాదండీ బాబూ, బంధు. మీ రైతుబంధులో బంధు. చుట్టం అని అర్థం. అవతల ఎవరో మీకు చుట్టమంట," అన్నాను. నేను అన్నది ఎగతాళికి.

ఆయన నవ్వలేదు. మంచం మీద కూర్చుని ఆ మాటని మళ్లీ కూడబలుక్కున్నాడు. "సుట్టమా," అన్నాడు నెమ్మదిగా. ఆ పూట టీ అలాగే చల్లారిపోయింది.

అసలు సంగతి ఏమిటంటే, అక్కడి ఆన్‌లైన్ దుకాణాలవాళ్లకి కొనేవాళ్లని అలా ముద్దుగా పిలవడం ఒక అలవాటు. మన కొట్లవాళ్లు రండి అన్నా రండి అక్కా అన్నట్టే. యంత్రం దాన్ని పట్టుకొచ్చి బంధు అని పడేసింది. ఇది నాకప్పుడు తెలియదు. తెలిశాక తెలియనట్టు ఉండాల్సింది, అదీ చేతకాలేదు.

మొదట్లో ఆయన ఫోన్‌లోకి నోటితోనే చెప్పి చూశాడు. జిప్పు సదురుకుంటలేదు అన్నాడు, సర్దుకోవడం లేదని. ఫోను దాన్ని జిప్పు చదువుకుంటలేదు అని రాసుకుంది. అవతలినుంచి, "బంధు, క్షమించండి, మా జిప్పు చదువుకోలేదు" అని జవాబు. అప్పటినుంచి రాయడం, చదివిపెట్టడం నా పనైంది. ఆయన మెట్‌పల్లి మాటల్లో చెబితే నేను పుస్తకం భాషలో రాసేవాణ్ని, యంత్రం చైనా భాషలోకి మార్చేది. మెట్‌పల్లి మాట చైనా చేరడానికి రాజోలు మీదుగా పోవాలన్నమాట.

అవతలి మనిషి పేరు మే. దుకాణం పేరు యంత్రం చెప్పిన ప్రకారం "సంతోష మేఘ మహా నడుము భవనం". పేరు గొప్ప ఊరు దిబ్బ. ఆవిడ పంపిన ఫొటోలో ఒక ఇంటి కింది గదిలో పదకొండు కుట్టుమిషన్లు, మెట్ల నిండా అట్టపెట్టెలు, ఒక పెట్టె మీద నిద్రపోతున్న ఏడాది పాప. మొగుడు గుడ్డ కత్తిరిస్తాడు, ఈవిడ కుడుతుంది, మధ్యమధ్యలో ఫోను చూసుకుంటుంది. ఈవూ అనే పట్నం దగ్గర పల్లె వాళ్లది. ఊళ్లో ప్రతి ఇల్లూ ఫోన్‌లో ఒక దుకాణమేనట. ఒకరింట్లో బొత్తాలు, ఒకరింట్లో సీసా మూతలు, ఒకరింట్లో జడపిన్నులు. ఆవిడ జవాబులు ఆగి ఆగి వచ్చేవి. "బంధు, ఉండు, పాప ఏడుస్తోంది" అని వచ్చి, అరగంటకి మిగతా మాట వచ్చేది. బుచ్చన్న ఆ అరగంటా ఫోను ఒళ్లో పెట్టుకుని కూర్చునేవాడు. ఏడ్వనియ్యి పాపం, మనకేం తొందర, అనేవాడు.

ఒకసారి ఏ మాట మీదో మాట వచ్చి ఆవిడ వాళ్ల నాన్న సంగతి రాసింది. ఆయన భుజాన కావడి వేసుకుని ఊరూరా తిరిగి, కోడి ఈకలు తీసుకుని బెల్లం ఇచ్చేవాడట. ఆ ఈకలు ఎరువుకో చీపుళ్లకో అమ్మేవాడు. అదీ వాళ్ల మొదటి వ్యాపారం. ఇది చదివినప్పుడు బుచ్చన్న ముఖం వెలిగిపోయింది. వాళ్ల ఊళ్లోనూ ఆడవాళ్ల రాలిన వెంట్రుకలు తీసుకుని పిన్నీసులిచ్చేవాళ్లు వచ్చేవారనీ, పోచవ్వ తల దువ్వుకున్నప్పుడల్లా వెంట్రుకలు ఉండచుట్టి గోడసందులో దాచేదనీ, అవి ఎంత పెరిగితే అంత మురిసేదనీ చెప్పాడు. ఆయన పోచవ్వ గురించి అంతసేపు మాట్లాడటం నేను అదే వినడం. రాసి పంపాను. అవతలినుంచి వరసగా నవ్వే బొమ్మలు వచ్చాయి. వాటి కింద, "బంధు, మనది ఒకే ఊరు" అని ఉంది.

చైనా ఎలా ఎదిగిందని పత్రికల్లో పెద్ద పెద్ద అంకెలు వేస్తారు. నాకు అంకెలు తెలియవు, నా బల్ల మీద కాగితాలు తెలుసు. ఒక్క కంటైనర్‌కి కాగితం రాస్తే అందులో వందమంది పేర్లుంటాయి. పది పెట్టెలు ఒకరివి, ఆరు ఇంకొకరివి. బొత్తాలవాళ్లు, పిన్నులవాళ్లు, నడుము పట్టీలవాళ్లు. కోడి ఈకలు ఏరుకున్నవాళ్ల పిల్లలే అందరూ. అంత పెద్ద ఓడనీ నింపేది ఇలాంటి చిన్నిళ్లే.

ఇక బెల్టు సంగతి. కొట్టులో నిలబడి బుచ్చన్న చూసేది మనుషుల చేతుల్ని. యాత్రికుల్లో సగం ముసలివాళ్లు. వేళ్లు వణుకుతాయి. ఇనప జిప్పు చెమటకి తుప్పుపట్టి బిగుసుకుంటుంది, దాని కొస గోటికి కూడా అందదు. వాళ్లు దాన్ని పీక్కోలేక పక్కవాళ్ల ముఖం చూస్తారు. అది చూసి ఆయనకి బాధేసింది. జిప్పు ప్లాస్టిక్‌ది వేయమనీ, దాని కొసకి ఒక వేలు దూరేంత రింగు పెట్టమనీ, కాగితాలు తడవకుండా లోపల ఒక పొర కుట్టమనీ నా చేత రాయించాడు. మూడు వారాలకి నమూనా వచ్చింది. దాన్ని నడుముకి కట్టుకుని గదిలో ఖాళీ మంచాల చుట్టూ తిరిగాడు. రింగులో వేలు పెట్టి తీస్తాడు, మూస్తాడు, తీస్తాడు. మా ఊళ్లో కొత్త సైకిలు కొన్నవాడు బెల్లు కొట్టుకున్నట్టు.

ఆ సీజనులో కొట్టులో రింగు బెల్టులు నిలవలేదు. ఏడాది తిరిగేలోగా వీధిలో ప్రతి కొట్టులోనూ రింగు బెల్టే. మే అందరికీ అమ్మింది మరి. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మీ బుర్రలోంచి పుట్టిన దాన్ని ఊరంతా అమ్ముకుంటోంది, ఒక్క మాటైనా అడగరేం, అని ఎగిరాను. ఆయన తాపీగా, సుట్టపోళ్ల ఇల్లు బాగుపడుతుంటే కండ్లల్ల నిప్పులు పోసుకుంటమా తమ్మీ, అన్నాడు.

రెండువేల ఇరవైలో కరోనా వచ్చింది. యాత్రలు ఆగిపోయాయి. కొట్టు మూత, వీధి మూత, కర్ఫ్యూ. నన్ను ఆఫీసువాళ్లు రేవు దగ్గర గదిలో ఉంచేశారు. ఐదు మంచాల మధ్య ఆయనొక్కడే మూడు నెలలు. పొద్దున ఫోన్‌లో మే ఏం రాసిందో దాని ఫొటో తీసి నాకు పంపితే, నేను చదివి చెప్పేవాణ్ని. కొనేది లేదు అమ్మేది లేదు, అయినా ఆవిడ రాసేది. జ్వరం లేదు కదా, తిన్నావా, బయటికి పోకు. ఆ మూడు నెలల్లో ఆయన ఉన్నాడా పోయాడా అని కావ్య అడిగింది మూడుసార్లు, మే అడిగింది ఇరవైసార్లు. నేను లెక్కపెట్టాను. నేనెన్నిసార్లు అడిగానో మాత్రం చెప్పను, సిగ్గేస్తుంది.

తర్వాత ఒక పెట్టె మాస్కులు వచ్చాయి, ఊరికే, ఆవిడ పంపినవి. పెట్టె మీద నౌమాన్ అని ఇంగ్లిషులో ఉంది. నేను గదికి తిరిగొచ్చేసరికి బుచ్చన్న ఆ పేరు మీద బొటనవేలు పెట్టి రుద్దుతున్నాడు. పోయే సిరా కాదు అది. "ఇది నౌమాన్‌కు వచ్చింది తమ్మీ. నాకు రాలే," అన్నాడు. అంత చిన్నబోయిన ముఖం ఆయనకి అంతకుముందు నేను చూడలేదు. పేరు చెప్పేద్దామండీ అన్నాను. వద్దన్నాడు. నౌమాన్‌కి మాట ఇచ్చాడు కదా. అప్పటినుంచి ఆ ముల్లు ఆయనలో ఉండిపోయింది. ఇంత అడిగే మనిషికి, తను ఎవర్ని అడుగుతోందో తెలియదు.

మే ఇల్లు పెరిగింది. పదకొండు మిషన్లు నలభై అయ్యాయి. ఆ తర్వాత వచ్చిన ఫొటోలో నాలుగంతస్తుల మేడ, దాని ముందు లారీలు. బుచ్చన్న ఆ ఫొటోని నౌమాన్‌కి చూపించాడు, ఎదురుకొట్టు యెమెనీకి చూపించాడు, నాకు నాలుగుసార్లు చూపించాడు. సొంత చెల్లెలు ఇల్లు కట్టుకుంటే కూడా అంత చెప్పుకోరు.

ఆ మేడ లేచినప్పటినుంచి జవాబులు మారాయి. పాప ఏడవడం మానేసింది. మేం పంపగానే, కన్ను మూసి తెరిచేలోగా జవాబు. ఎప్పుడు రాసినా అంతే. ఎంత జల్ది రాస్తున్నది సూడు, అని ఆయన సంబరపడ్డాడు. నాకు అనుమానం వచ్చింది కానీ నోరు మూసుకున్నాను. ఒకరోజు మా అమ్మాయికి ఫోను కవరు కొందామని నా ఫోన్‌లో వేరే ఏదో చైనా దుకాణం తెరిచాను. మొదటి మాటే, "బంధు, శుభోదయం."

మోసపోయింది నేను కాదు, అయినా నేనే మోసపోయినట్టు అనిపించింది. ఆ రోజు ఆఫీసులో మేనేజరు తిట్టాడు, గదికొచ్చేసరికి కూర మాడింది. అత్త మీద కోపం దుత్త మీద తీసినట్టు ఆయన మీద పడ్డాను. బియ్యం కడుగుతున్నాడు పాపం. మీ చుట్టం ఊళ్లో వాళ్లందరికీ చుట్టమేనండీ, అది వాళ్ల బేరం మాట, ఇప్పుడు రాసేది మనిషి కూడా కాదు, యంత్రం, ఇంకా ఎన్నాళ్లు చెవిలో పువ్వు పెట్టించుకుంటారు, అని కడిగేశాను.

ఆయన నీళ్లు వంపి, మళ్లీ పోసి, బియ్యం ఇంకోసారి కడిగాడు.

"అందర్ని పిలుస్తదని నాకెరుకే తమ్మీ," అన్నాడు. "ఆ అందర్ల నేను గూడ ఉన్న గదా. ఈడ ఇంకెవలి అందర్ల ఉన్న నేను?"

ఆ రాత్రి మాడిన కూరగిన్నె నేనే తోమాను. క్షమించండి అనడానికి కూడా నోరు రాలేదు. నోటి దురుసువాళ్లకి ఆ ఒక్క మాట దగ్గరే నోరు పడిపోతుంది.

మొన్నటి హజ్ సీజనుకి కొట్టు పని అయిపోయింది. జనం రాక కాదు, లక్షలమంది వచ్చారు. కానీ ఇళ్ల దగ్గరే ఫోన్‌లో తెప్పించుకుని, విమానం ఎక్కేటప్పుడే బెల్టు కట్టుకుని దిగుతున్నారు. ఆ మేడలోంచి, ఆ లారీల్లోంచి నేరుగా వాళ్ల గడపకే పోతున్నాయి. ఒక ఇండోనేషియా ముసలాయన కొట్టులోకొచ్చి ఏమీ కొనకుండా దారి అడిగి వెళ్లాడట. అతని నడుముకి రింగు బెల్టు ఉంది. ఒక్క వేలితో తీసి చీటీ చూపిచ్చిండు తమ్మీ, జెర గూడ తడబడలే, అని బుచ్చన్న గదికొచ్చి చెప్పాడు, ఏదో పండగ కబురులా. కూర్చున్న కొమ్మను తానే నరుక్కున్నాడు, గొడ్డలికి పిడి కూడా తానే వేసిచ్చాడు. ఆ మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. ఆ మాత్రం బుద్ధి అప్పటికి వచ్చింది.

కొట్టు ఖాళీ చేస్తున్నామని నౌమాన్ చెప్పాడు. వాడు దమ్మాంలో తమ్ముడి దగ్గరికి పోతాడట. బుచ్చన్నకి ఫైనల్ ఎగ్జిట్ కొట్టించారు, అంటే ఇక తిరిగి రాకుండా ఇంటికి పంపేయడం. శనివారం విమానం. శుక్రవారం పది గంటలకి నౌమాన్ వచ్చి కొట్టు ఫోను తీసుకుపోతాడు. ఇంకేదైనా పని చూడమని నన్ను అడుగుతాడేమోనని ఎదురుచూశాను. వెళ్తే అక్కడ ఎవరున్నారు ఆయనకి. పోచవ్వ లేదు, కావ్య ఇంట్లో ఎన్నాళ్లుంటాడు. ఆ మాటలేవీ ఆయన ఎత్తలేదు. నౌమాన్‌ని అడిగింది ఒకే ఒక్కటి, ఇప్పుడైనా నా పేరు చెప్పుకోవచ్చా అని. ఇంకేం బేరముంది చాచా, ఏం చెప్పుకుంటావో చెప్పుకో, అన్నాడట వాడు.

గురువారం సాయంత్రం సామాను సర్దుతూ నాతో అన్నాడు. "ఆమె నోట ఒక్కపారి నా పేరు రావాలె తమ్మీ. అంతే. ఇగ పోత."

ఆరేళ్ల కిందటైతే అది ఎంత పని. ఆ పదకొండు మిషన్ల గదిలో పాపని ఒళ్లో వేసుకున్న మనిషికి రాస్తే ఎంత పని. ఇప్పుడు అవతల ఎవరున్నారో నాకు తెలుసు. నేనే కదా అరిచి చెప్పింది. అయినా ఆయనకి ఇంకా ఆశ ఉంది, ఎక్కడో ఒక మూల ఆవిడ కూర్చుని చూస్తుందేమోనని. నాకూ ఉందనుకోండి, కొంచెం.

శుక్రవారం పొద్దున స్నానం చేసి, కొత్త చొక్కా వేసుకుని, కళ్లజోడు పెట్టుకుని నా పక్కన కూర్చున్నాడు. ఫొటో దిగడానికి కూర్చున్నట్టు. ఆయన చెప్పాడు, నేను రాశాను. ఒక్క మాట కూడా నాది కలపలేదు. "నేను నౌమాన్‌ను కాను. నా పేరు బుచ్చన్న. కొట్టులో పెట్టెలు మోస్తాను. జిప్పుకి రింగు అడిగింది నేనే. మాస్కులు వాడుకున్నది నేనే. వెంట్రుకలు గోడలో దాచింది నా భార్య. మీ పాప బాగుందా. రేపు నేను మా ఊరు పోతున్నా. ఈ ఫోను ఇక నా దగ్గర ఉండదు. బుచ్చన్న." పేరు రెండుసార్లు వచ్చిందండీ అన్నాను. ఉండనీ అన్నాడు.

పంపాను. ఫోను ఆయన చేతికి ఇద్దామని చెయ్యి చాచేలోగానే మోగింది. అంత తొందరగా ఏ మనిషీ చదవలేదు.

"ధన్యవాదాలు, బంధు నౌమాన్. మా సేవ మీకు నచ్చిందా?" దాని కింద మార్కులు వేయమని ఐదు ఖాళీ చుక్కలు, మనం నొక్కి నింపాలి.

"ఏమన్నది?" అన్నాడు బుచ్చన్న.

నాకు జీవితంలో ఎప్పుడూ తడుముకునే అలవాటు లేదు. ఆ రోజూ తడుముకోలేదు. ఫోను కొంచెం నావైపు వంచి చదవడం మొదలుపెట్టాను. "బుచ్చన్నా, ఇన్నాళ్లూ నీ పేరు తెలియక వేరే పేరుతో పిలిచాను, ఏమీ అనుకోకు. నీ రింగు పుణ్యమా అని మా ఇంట్లో రెండువందల మిషన్లు ఆడుతున్నాయి. పాపకి ఏడేళ్లు వచ్చాయి, బడికి పోతోంది. రింగు చూపించి, ఇది మీ బుచ్చన్న మామ పెట్టించింది అని చెప్తాను. నీ భార్య గురించి మా అమ్మకి చెప్పాను, ఆవిడ కూడా వెంట్రుకలు దాచేదట. ఊరికి పోయాక ఎండలో తిరగకు. వేళకి తిను. ఎవరూ లేరనుకోకు, బుచ్చన్నా."

గొంతు వణకలేదు. ఆ మాత్రం దేవుడు కాపాడాడు. ఆయన మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, ఫోను వైపే చూస్తూ, పూర్తిగా విన్నాడు. నేను తల తిప్పి చూసినప్పుడు తెలిసింది, తెర ఆయనకి బాగానే కనిపిస్తోంది. ఒకే ఒక్క వరస, ఐదు చుక్కలు.

 కింద వీధిలో ఎవరో షట్టరు లేపారు.

"మల్లొక్కపారి సదువు తమ్మీ," అన్నాడు.

మళ్లీ మొదలుపెట్టాను. బుచ్చన్నా, ఇన్నాళ్లూ నీ పేరు తెలియక. రింగు వచ్చింది, మిషన్లు వచ్చాయి, పాప బడి వచ్చింది, మామ వచ్చాడు, వాళ్ల అమ్మ వచ్చింది. అక్కడ ఆగిపోయాను. తర్వాత ఏమన్నానో గుర్తురాలేదు. చుక్కల వైపు చూస్తూ కూర్చున్నాను, అందులో ఎక్కడైనా ఉంటుందేమో అన్నట్టు. ఆయన తొందరపెట్టలేదు. నేను ఎంతకీ కదలకపోయేసరికి మెల్లిగా అందించాడు.

"ఎండల తిరుగకు అన్నవు, ఆడ."

ఆమె అన్నది అని అనలేదు. అన్నవు అన్నాడు.

నేను తల ఎత్తలేదు. ఎండలో తిరగకు, అని చదివాను. వేళకి తిను, అని చదివాను. మొదటిసారి లేని మాటలు కూడా ఇంకా ఏవేవో చదివాను. ఆయన కళ్లజోడు తీసి చొక్కా జేబులో పెట్టుకుని, కళ్లు మూసుకుని వింటూ కూర్చున్నాడు.